కాఫీ కానుక: వేయించిన రోజు నుంచి లెక్క

కాఫీ కానుకగా ఇద్దామనుకున్నవాళ్లు మొదట డబ్బా చూస్తారు, తర్వాత రకం అడుగుతారు. తేదీ సంగతి ఆఖర్న గుర్తొస్తే గుర్తొచ్చినట్టు, లేకపోతే లేదు. ఈ వరుసను తిరగేయాలి. చీర నెల్లాళ్లు బీరువాలో ఉన్నా చీరే. కాఫీ అలా కాదు. వేయించిన గింజకు రుచి నిండుగా ఉండే రోజులు కొన్నే. ఆ రోజులు పుచ్చుకున్నవాళ్ల వంటింట్లో గడవాలి గానీ మీ అలమారాలోనో కొరియర్ గోదాములోనో కాదు. అందుకే ముందు క్యాలెండరు తీయండి, అట్టపెట్టె సంగతి తర్వాత.

గింజలో జరిగేది ఇదీ

పచ్చి కాఫీ గింజలో పది పన్నెండు శాతం తేమ ఉంటుంది. వేయించేటప్పుడు గింజ వేడి సుమారు 200 డిగ్రీలకు చేరగానే పేలాల్లా చిటపటమంటుంది. ఆ తేమలో చాలా భాగం ఆవిరైపోయి చివరికి రెండు మూడు శాతం మిగులుతుంది. కిలో పచ్చి గింజలు వేయిస్తే వేపుడును బట్టి 800 నుంచి 850 గ్రాములు చేతికొస్తాయి. అదే సమయంలో గింజ లోపల కార్బన్ డయాక్సైడ్ పుట్టి సన్నటి గదుల్లో ఇరుక్కుంటుంది. వేయించిన క్షణం నుంచి అది బయటికి వస్తూనే ఉంటుంది. మొదటి రోజున ఎక్కువగా, తర్వాత రెండు మూడు వారాల పాటు కొద్దికొద్దిగా.

ఈ వాయువుతో మేలూ ఉంది, ఇబ్బందీ ఉంది. లోపల్నుంచి తోసుకొస్తూ బయటి ఆక్సిజన్‌ను గింజలోకి రానివ్వదు, అది మేలు. వేయించిన రోజే పొడి కొట్టి డికాషన్ వేస్తే మాత్రం నీళ్లు తగలగానే బుసబుసా పొంగి, నీటిని పొడిలోకి ఇంకనివ్వదు. ఫలితం పలచటి, చురుక్కుమనే డికాషన్. ‘తాజా పొడి అన్నారు, ఇదేంటి ఇలా ఉంది’ అని తాగినవాళ్లు నొచ్చుకునేది ఇలాంటి చోటే. పొడి బాగానే ఉంటుంది, తొందరే ఎక్కువైంది.

వాయువు పోయాక ఆక్సిజన్ వంతు. గింజలోని నూనెలు మెల్లగా పాడై, పాత వేరుశనగ గింజల ముక్క వాసన వస్తుంది. కమ్మటి వాసన నిచ్చే పదార్థాలు గాల్లో కలిసిపోతాయి. తేమ తగిలితే ఈ పని ఇంకా వేగంగా జరుగుతుంది. వేడి సంగతి చెప్పనక్కర్లేదు. పది డిగ్రీలు పెరిగితే పాతబడే వేగం ఇంచుమించు రెట్టింపవుతుందని లెక్క వేసుకోవచ్చు. అంటే డిసెంబరులో అరకులో 20 రోజులు నిలిచే గింజ, మేలో విజయవాడ వంటింట్లో పదిరోజులు నిలవడం కూడా కష్టమే.

గింజను పొడి చేశామా, ఈ కథంతా గంటల్లోకి కుదించుకుపోతుంది. లోపలి గదులన్నీ పగిలి, గాలి తగిలే మేర ఎన్నో రెట్లు పెరుగుతుంది. వాయువులో చాలా భాగం మర దగ్గరే పోతుంది. కాఫీ పొడి దుకాణం ముందు నుంచి వెళ్తుంటే వీధి చివరిదాకా వచ్చే ఆ ఘుమఘుమ మీ గ్లాసులోకి రావలసింది. అది వీధిపాలైందని గుర్తుపెట్టుకోండి.

తేదీ వెనక్కి లెక్కపెట్టడం

గృహప్రవేశం 20వ తేదీన అనుకుందాం. ఫిల్టరు కాఫీ తాగేవాళ్లకు గింజలిస్తుంటే, అవి 15 లేదా 16న వేయించినవై ఉండాలి. ఇచ్చేనాటికి నాలుగైదు రోజుల వయసు. వాళ్లు సర్దుకుని ప్యాకెట్ విప్పేసరికి వారం. అక్కణ్నుంచి రెండు వారాలు దాని మంచి రోజులు. ఎస్ప్రెస్సో యంత్రం ఉన్న ఇల్లయితే వేయించాక వారం నుంచి పది రోజులు ఆగినవే బాగుంటాయి, కాబట్టి 12న వేయించినా నష్టం లేదు. ఒత్తిడితో తీసే కాఫీలో వాయువు ఎక్కువుంటే నురగే తప్ప చిక్కదనం ఉండదు.

పొడి ఇస్తున్నట్టయితే లెక్క వేరు. గింజలు 15న వేయించినవే, కానీ మర పట్టించేది 19 సాయంత్రమో 20 పొద్దుటో. ‘వేయించి నాలుగు రోజులు ఆగి, ఇచ్చే రోజు పొడి’ అన్నదే సూత్రం. నమ్మకమైన దుకాణమైతే గింజలు మీ పేరు మీద పక్కన పెట్టమంటే పెడతారు.

ప్యాకెట్ మీద ఉండే తేదీల్లో మూడు రకాలు. వేయించిన తేదీ, ప్యాక్ చేసిన తేదీ, ఫలానా నెలలోపు వాడమనే గడువు. మనకు కావలసింది మొదటిదే. ప్యాక్ చేసిన తేదీ నిన్నటిదే కావచ్చు, గింజ మాత్రం రెండు నెలల క్రితం వేయించి గోనెలో పోసిందీ కావచ్చు. గడువు తేదీ చూస్తే తాగినా ప్రమాదం లేదని మాత్రం తెలుస్తుంది, రుచి గురించి ఏమీ తెలియదు. వేయించిన తేదీ చెప్పలేని దుకాణంలో కానుక కొనొద్దు. మీ ఇంటికైతే మీ ఇష్టం.

ఎంత కొనాలి? ఇక్కడే చాలామంది పెద్ద మనసు చూపించి పొరపాటు పడతారు. కప్పుకు ఎనిమిది గ్రాముల పొడి అనుకుంటే, ఇద్దరు మనుషులు రోజుకు రెండేసి కప్పులు తాగే ఇంట్లో రోజుకు 32 గ్రాములు. పావు కిలో ఎనిమిది రోజులు. నలుగురు తాగితే నాలుగు రోజులు. కిలో ప్యాకెట్ ఒక్కటి ఇస్తే ఇద్దరున్న ఇంట్లో నెల రోజులు నడుస్తుంది, అందులో సగం రోజులు వాళ్లు తాగేది మామూలు కాఫీయే. అంత ఇవ్వాలనే ఉంటే 250 గ్రాముల ప్యాకెట్లు నాలుగు చేయించండి. విప్పనిది విప్పనట్టే ఉంటుంది. ఇంకా మంచి పద్ధతి ఒకటుంది. పావు కిలో ఇప్పుడు, మరో పావు కిలో మూడు వారాల తర్వాత వాళ్లింటికి చేరేలా దుకాణంలో చెప్పి డబ్బు కట్టడం. పెట్టె చిన్నదైందే అనిపిస్తుంది గానీ రెండోసారి కొరియర్ వచ్చినప్పుడు వాళ్లకు కలిగే సంతోషం వేరు.

గింజలా, పొడా?

అడిగి తెలుసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: ‘ఇంట్లో కాఫీ దేంట్లో కలుపుతారు?’ కానుక గుట్టు బయటపడుతుందని మొహమాటపడి అడగకపోతే, గ్రైండరు లేని ఇంటికి గింజలు చేరతాయి. అవి షోకేసులో గాజు సీసాలో కూర్చుంటాయి.

గ్రైండరు ఉంటే కళ్లు మూసుకుని గింజలే ఇవ్వండి. మిక్సీ మాత్రమే ఉన్న ఇంటికి గింజలివ్వచ్చా అంటే, ఇవ్వచ్చు, కొన్ని జాగ్రత్తలు రాసిస్తే. చిన్న పొడి జారు వాడాలి. అందులో ముందు రెండు చెంచాల బియ్యం తిప్పి పారేస్తే మసాలా వాసన పోతుంది. తర్వాత తడి లేకుండా తుడిచి, ఒకసారికి 30 గ్రాములకు మించకుండా గింజలు వేసి, ఐదు సెకన్లు తిప్పి ఆపి, జారు కుదిపి, మళ్లీ ఐదు సెకన్లు. ఇలా ఐదారుసార్లు. ఆపకుండా నిమిషం తిప్పితే జారు అడుగు వేడెక్కి పొడి మాడు వాసన పడుతుంది. అప్పటికీ మిక్సీ పొడి ఒక్కతీరుగా రాదు, కొంత పిండి, కొంత నూక. ఆ పిండే ఫిల్టరు చిల్లులు పూడ్చేసి డికాషన్ దిగనివ్వదు. జల్లించి పిండి తీసేస్తే కొంత నయం. ఈ అవస్థ పెద్దవాళ్లకు పెట్టడం ఎందుకు? వాళ్లకు పొడే ఇవ్వండి.

పొడి ఎంత మెత్తగా ఉండాలో మన వంటింటి కొలతల్లో చెబితే మర దగ్గర గొడవ ఉండదు. దక్షిణాది ఇత్తడి, స్టీలు ఫిల్టరుకు పొడి ఉప్పు కంటే కాస్త మెత్తగా, వేళ్ల మధ్య రాస్తే ఇంకా గరుకు తెలిసేలా ఉండాలి. గోధుమపిండిలా జారిపోతే అది ఎక్కువ. స్టవ్ మీద పెట్టే మోకా పాత్రకూ ఇంచుమించు ఇదే, కాకపోతే అందులోకి చికోరీ వద్దు. కాగితం ఫిల్టరులో పోసుకునేవాళ్లకు బొంబాయి రవ్వంత. పొడిని వేడినీళ్లలో నానబెట్టి జల్లెడ బిళ్లతో కిందికి నొక్కే ఫ్రెంచ్ ప్రెస్ ఉన్నవాళ్లకు ఇడ్లీ రవ్వంత. ఇడ్లీ రవ్వంత పొడిని మన ఫిల్టరులో వేస్తే ఐదు నిమిషాల్లో టీ రంగు నీళ్లు దిగిపోతాయి.

చికోరీ సంగతి మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. కొందరికి చికోరీ అంటే కల్తీ, కొందరికి అది లేకపోతే కాఫీయే కాదు. చికోరీ అనేది ఒక మొక్క వేరు. మన దేశంలో ఎక్కువగా గుజరాత్, ఉత్తరప్రదేశ్‌లలో పండిస్తారు. దాన్ని ఎండబెట్టి, వేయించి, పొడి చేస్తారు. డికాషన్‌కు రంగు, చిక్కదనం ఇస్తుంది, వాసన ఇవ్వదు. ఆహార భద్రతా నిబంధనల ప్రకారం కాఫీ చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, రెండింటి పాళ్లూ ప్యాకెట్ మీద రాయాలి. కానుకకు 80:20 మధ్యస్థం. మొదటి నుంచీ చికోరీ కాఫీకి అలవాటుపడ్డ ఇంటికి ఉత్త కాఫీ పొడి పంపితే ‘పలచగా ఉంది, పులుపుగా ఉంది’ అంటారు, వాళ్ల తప్పేం లేదు. నిల్వ విషయంలో మాత్రం చికోరీ ఒక చిక్కు. అది గాలిలోని తేమను లాగేసుకుంటుంది. వానాకాలంలో విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో వారం తిరక్కుండానే పొడి ఉండలు కట్టేది దీనివల్లే. తెలివైన దారి ఏమిటంటే, కాఫీ పొడి 200 గ్రాములు ఒక ప్యాకెట్, చికోరీ 50 గ్రాములు వేరే చిన్న ప్యాకెట్. ఎవరికి కావలసినంత వాళ్లు కలుపుకుంటారు.

గింజ రకం ఎంచుకోవడానికి ఆట్టే బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. పాలు, చక్కెర వేసి తాగేవాళ్లకు ప్లాంటేషన్ ఏ, పీబెర్రీ సగం సగం, మధ్యస్థం దాటి కొంచెం ముదురుగా వేయించినవి. ప్లాంటేషన్ అంటే పండు తొక్క తీసి, కడిగి ఆరబెట్టిన అరబికా, కాఫీలోని రెండు ముఖ్య జాతుల్లో ఒకటి; ‘ఏ’ అన్నది గింజ సైజును బట్టి ఇచ్చే గ్రేడు. పీబెర్రీ అంటే పండులో రెండు పప్పులకు బదులు ఒకటే గుండ్రంగా ఎదిగిన గింజ. డికాషన్ ఇంకా గట్టిగా కావాలంటే పావు వంతు రోబస్టా, అంటే ఆ రెండో జాతి. పాలు లేకుండా తాగేవాళ్లకైతే అరకు అరబికా, తేలిక లేదా మధ్యస్థ వేపుడు. పాడేరు, అరకు మన్యంలో గిరిజన రైతులు సిల్వర్ ఓక్ చెట్ల నీడన, ఆ చెట్లకే మిరియాల తీగలు పాకించి పండించే కాఫీ అది. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తెలుగువాళ్లు దూరాన ఉన్న తెలుగువాళ్లకు ఇవ్వడానికి ఇంతకంటే చక్కటి సాకు అక్కర్లేదు. కాకపోతే తేలిక వేపుడు అరకు గింజను తీసుకెళ్లి చిక్కటి గేదె పాలల్లో పోస్తే దాని గుణమేదీ తెలియదు. అక్కడ పేరు మాత్రమే మిగులుతుంది.

నల్లగా, నూనె తేలేలా వేయించిన గింజలు చూడ్డానికి నిగనిగలాడతాయి, కానుకకు మాత్రం పనికిరావు. నూనె పైకి వచ్చిందంటే గాలికి దొరికిందన్నమాట. మధ్యస్థ వేపుడు గింజ నిలిచినన్ని రోజుల్లో ఇవి సగం కూడా నిలవవు.

ప్యాకెట్

దుకాణంలో మామూలుగా ఇచ్చే పలచటి ప్లాస్టిక్ కవరును ముక్కు దగ్గర పెట్టుకోండి. మూసి ఉన్నా కాఫీ వాసన వస్తోందా? అంటే వాసన బయటికి పోతోంది, ఆక్సిజన్ లోపలికి వెళ్తోంది. గోధుమరంగు కాగితం సంచీ లోపల పూత లేకపోతే అంతకంటే ఘోరం, అందంగా ఉంటుందంతే. కావలసింది లోపల అల్యూమినియం పొర ఉన్న మందపాటి సంచీ, ముందు వైపు చిన్న గుండ్రటి వాల్వుతో. ఆ వాల్వు లోపలి వాయువును బయటికి వదులుతుంది, బయటి గాలిని లోపలికి రానివ్వదు. ఇలాంటి ఖాళీ సంచులు ప్యాకింగు సామాను అమ్మేచోట, ఆన్‌లైన్‌లో విడిగా దొరుకుతాయి.

మీరే నింపుతుంటే ఇలా చేయండి:

1. గింజలు పూర్తిగా చల్లారాకే పోయాలి. మర నుంచి వచ్చిన పొడి గోరువెచ్చగా ఉంటుంది, వెడల్పాటి, తడి లేని పళ్లెంలో పది పదిహేను నిమిషాలు ఆరనివ్వండి. అంతకు మించి వద్దు.
2. సంచీలో పైన ఖాళీ తక్కువ ఉండాలి. పావు కిలోకు పావు కిలో సంచీయే. అరకిలో సంచీలో పావు కిలో పోస్తే మిగతా సగం గాలిని కానుక ఇచ్చినట్టే.
3. అంచు లోపలి వైపు అంటిన పొడిని పొడిగుడ్డతో తుడవండి. ఈ ఒక్క పని చేయకపోవడం వల్లే ఎక్కువ సీళ్లు ఊడిపోతాయి.
4. గాలి నొక్కేసి, పైనుంచి రెండు సెంటీమీటర్లు వదిలి సీలు వేయండి. సీలింగు యంత్రం లేకపోతే జుట్టు సాగదీసే స్ట్రెయిటనరుతో మూడు నాలుగు సెకన్లు నొక్కితే చాలు. ఆ పక్కనే ఇంకో గీత.
5. చల్లారాక సంచీని రెండు చేతులతో గట్టిగా అదమండి. గాలి వాల్వు దగ్గర మాత్రమే రావాలి.

వాల్వు లేని సంచీలో తాజా గింజలు సీలు చేస్తే రెండో రోజుకు దిండులా ఉబ్బుతుంది. కిలో గింజలు కొన్ని లీటర్ల వాయువు వదలగలవు మరి. ఉబ్బిందని కంగారుపడి పిన్నుతో పొడిచేవాళ్లున్నారు. పొడిస్తే ఆ కన్నం గుండా ఇక రాకపోకలు రెండు వైపులా. వాల్వు దొరకకపోతే గింజలను రెండు రోజులు వదులుగా మూత పెట్టిన డబ్బాలో ఉంచి, తర్వాత సీలు వేయండి. స్టీలు డబ్బాలోనో గాజు సీసాలోనో అదే రోజు బిగించి మూత పెడితే మూత లేచిపోవచ్చు, సీసా పగలనూ వచ్చు.

సంచీలో గాలి తీసి సీలు వేసే, ఇంట్లో వాడే వ్యాక్యూమ్ యంత్రంతో పొడి ప్యాక్ చేసేటప్పుడు ఒక చిక్కు వస్తుంది. గాలితో పాటు పొడీ పైకి లేచి సీలు పడే చోట అంటుకుంటుంది. పొడిని ముందు చిన్న కాగితం కవరులో పోసి, మడిచి, ఆ కవరును సంచీలో పెట్టి గాలి తీయండి. ఇక మందు సీసాల్లో ఉండే సిలికా జెల్ పొట్లాలు వేయాలా అంటే అక్కర్లేదు. అవి తేమను పీలుస్తాయే తప్ప ఆక్సిజన్‌ను కాదు, వేయించిన కాఫీ ఎలాగూ పొడిగానే ఉంటుంది.

పెట్టెలో పక్కన ఏం పెడుతున్నారో కూడా చూడండి. సబ్బులు, అగరుబత్తీలు, సెంటు సీసాలు వద్దు. కాఫీ వాసనలను పీల్చడంలో దిట్ట. ఫిల్టరు, ఇత్తడి గ్లాసు డబరా, ఒక చిన్న కొలత చెంచా పెడితే కానుక నిండుగా ఉంటుంది. ఫిల్టరు కొత్తదైతే చిల్లులు వెలుతురుకు పెట్టి చూసి కొనండి. కొన్నిట్లో సగం చిల్లులు పూర్తిగా తెగవు.

దూరం పంపేటప్పుడు

కొరియర్‌లో వేస్తే సోమ, మంగళవారాల్లో వేయండి. శుక్రవారం వేసినది ఆదివారమంతా ఎక్కడో రేకుల షెడ్డులో ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆ షెడ్డు వేడి ఊహించుకోవచ్చు. కారు డిక్కీ కూడా అంతే. పెళ్లికి వెళ్తూ పొద్దున్నే డిక్కీలో పెట్టి, సాయంత్రం రిసెప్షన్‌లో తీసి ఇస్తే కొన్ని రోజుల వయసు ఆ ఒక్క పూటలో పెరుగుతుంది. ఎండాకాలంలో మీతో పాటు ఏసీలోనే ఉంచండి.

విదేశాలకు వెళ్లేవాళ్ల పెట్టెలో పంపడం మనకు కొత్త కాదు గదా. విమానంలో పీడనం నేల మీద ఉన్నదానికంటే తక్కువ, సుమారు నాలుగింట మూడు వంతులు. అంటే సంచీలో గాలి మూడో వంతు మేర ఉబ్బుతుంది. క్లిప్పు పెట్టిన సంచీ ఊడి, పొడి బట్టలపాలవుతుంది. సీలు వేసి, దాని పైన ఇంకో జిప్పు కవరు, ఆ పైన తువ్వాలు చుట్టాలి. ఆవకాయ జాడీకి ఎంత దూరంలో ఉంటే అంత మంచిది. కారప్పొడి, ఇంగువ కూడా అదే మూలకు నెట్టేయండి.

అమెరికా వెళ్లే విమానాల్లో 2018 జూన్ 30 నుంచి పొడుల మీద ఒక నిబంధన ఉంది. 350 మిల్లీలీటర్లకు మించిన పొడి చేతి సామానులో ఉంటే విడిగా తనిఖీ చేస్తారు, తేల్చుకోలేకపోతే వదిలేసి రమ్మంటారు. పావు కిలో కాఫీ పొడి ఆ కొలత దాటేస్తుంది. కాబట్టి పొడి చెక్-ఇన్ పెట్టెలోకే. వేయించిన కాఫీకి అమెరికాలో అడ్డు లేదు, తినుబండారాలున్నాయని కస్టమ్స్ వాళ్లకు తెలియజేస్తే చాలు. ఆస్ట్రేలియాలో కూడా తప్పకుండా తెలియజేయాలి, దాచిపెడితే జరిమానా. పచ్చి గింజల జోలికి మాత్రం వెళ్లకండి. అమెరికాలోనే హవాయి, ప్యూర్టోరికోలకు వాటిని తీసుకెళ్లనివ్వరు, అక్కడ కాఫీ తోటలున్నాయి కాబట్టి.

ప్రయాణం 20న అయితే గింజలు 17న వేయించినా చాలు. ఆగవలసిన రోజులు దారిలోనే గడిచిపోతాయి.

పుచ్చుకున్నవాళ్ల కోసం చీటీ

ప్యాకెట్ మీద ఒక చీటీ అంటించండి. కానుకలో సగం విలువ దానిదే. ఇంత రాస్తే సరిపోతుంది:

‘వేయించిన తేదీ: జనవరి 15. పొడి పట్టిన తేదీ: జనవరి 19. కాఫీ 80, చికోరీ 20. విప్పాక పది రోజుల్లో వాడండి. ఫ్రిజ్‌లో పెట్టొద్దు. రెండో ప్యాకెట్ విప్పకుండా ఫ్రీజరులో పెట్టండి. 20 గ్రాముల పొడికి 110 మిల్లీలీటర్ల నీళ్లు.’

గ్రాముల తూకం లేని ఇళ్లకు: గుండుగా నింపిన పెద్ద చెంచాలు మూడు, సుమారు 20 గ్రాములు. మరిగిన నీళ్లు దించి అర నిమిషం ఆగాలి. ముందు పొడి తడిసేటంత, 30 మిల్లీలీటర్లు పోసి అర నిమిషం వదిలేస్తే పొంగు అణుగుతుంది. తర్వాత మిగతావి పోసి మూత పెట్టాలి. పావుగంట, ఇరవై నిమిషాల్లో దిగుతుంది. ఫిల్టరు లోపల కాడ ఉన్న చిల్లుల బిళ్లతో తాజా పొడిని గట్టిగా అదమకూడదు, పైన మెల్లగా ఆనించాలి. వాయువు పైకి రావడానికి దారి ఉండాలి. పాత పొడితో అలవాటుపడ్డ చేతులు ఇక్కడే పొరపాటు చేస్తాయి.

నిల్వ గురించి వాళ్లు ఏం చేయాలి? పొడిని అందమైన గాజు సీసాలోకి ఒంపొద్దు. ఒంపడంలోనే కొంత వాసన పోతుంది, ఇంకొంత వెలుతురు తీసుకుంటుంది. వచ్చిన సంచీలోనే ఉంచి, గాలి నొక్కి, పైనుంచి మడత మీద మడత పెట్టి, క్లిప్పు పెట్టి, సంచీని అలాగే డబ్బాలో పెట్టాలి. డబ్బా పొయ్యికి దూరంగా, కింది అలమారాలో. తడి చెంచా పెట్టకూడదు, మరుగుతున్న గిన్నె మీద సంచీ వంచి పొడి వేయకూడదు. ఆవిరి నేరుగా లోపలికి వెళ్తుంది.

ఫ్రిజ్ ఎందుకు వద్దంటే, రోజూ తీసి పెట్టే ప్రతిసారీ చల్లటి పొడి మీద గది గాలిలోని తేమ చెమ్మగా దిగుతుంది. పైగా ఆ అరలో ఇడ్లీ పిండి, కోసిన ఉల్లిపాయ, నిన్నటి సాంబారు ఉంటాయి. ఫ్రీజరు సంగతి వేరు, కానీ నియమంతో వాడితేనే. వంద గ్రాముల చొప్పున విడివిడిగా గాలి తీసి సీలు వేసి, ఇంకో జిప్పు కవరులో పెట్టి, ఫ్రీజరు వెనక వైపు ఉంచాలి. వాడే ముందు రోజు రాత్రి బయట పెట్టి, పొద్దున్నే విప్పాలి. చల్లగా ఉండగానే కత్తిరిస్తే ఫ్రీజరులో పెట్టిన ఫలితం మొత్తం చెమ్మ రూపంలో పోతుంది. ఒకసారి విప్పింది మళ్లీ లోపలికి వెళ్లకూడదు. ఇలా ఉంచిన గింజలు మూడు నెలల తర్వాత కూడా బాగుంటాయి. కరెంటు కోతలు ఎక్కువున్న ఊళ్లో మాత్రం ఈ పద్ధతిని నమ్ముకోవద్దు.

తేడా వస్తే కారణం ఎక్కడ

డికాషన్ దిగడం లేదంటే పొడి మరీ మెత్తగా ఉంది, లేదా బిళ్లతో అదిమారు. ఫిల్టరు చిల్లుల్లో పాత పొడి గట్టిపడి ఉండొచ్చు కూడా. పొయ్యి మంట మీద చిల్లుల వైపు కాసేపు కాల్చి, చల్లారాక దులిపితే తెరుచుకుంటాయి.

నీళ్లు పోయగానే పొడి ఏమాత్రం పొంగకపోతే అది పాతది. ఉత్త కాఫీ పొడిని పరీక్షించడానికి ఇంతకంటే సులువైన మార్గం లేదు. చికోరీ పొంగదు కాబట్టి, 60:40 మిశ్రమంలో పొంగు సహజంగానే తక్కువ. ప్యాకెట్ మీద రాసిన పాళ్ల మీద అనుమానముంటే గాజు గ్లాసులో చల్లటి నీళ్లు తీసుకుని పైన చిటికెడు పొడి చల్లండి. కాఫీ తేలుతుంది. చికోరీ మునుగుతూ గోధుమరంగు చారలు వదులుతుంది.

చేదు ఉంది, వాసన లేదు అంటే వేయించడం ఎక్కువై ఉండాలి, కాకపోతే పొడి పట్టి చాలా రోజులై ఉండాలి. పులుపు, పలచన రెండూ ఉంటే మరీ తాజా పొడి, లేదా తేలిక వేపుడు, లేదా నీళ్లు సరిగా మరగలేదు. రెండు రోజులు ఆగి మళ్లీ వేసి చూస్తే మొదటిదో కాదో తెలిసిపోతుంది. ఉండలు కట్టిన పొడి వాసన బాగానే ఉంటే చిదిపి వెంటనే వాడేయొచ్చు. బూజు వాసన వస్తే మాత్రం పారేయాలి, ఎండబెట్టి వాడే ప్రయత్నం చేయొద్దు.

ముక్క వాసన వచ్చేసిన పొడి మిగిలిపోతే చిన్న గిన్నెలో పోసి, మూత లేకుండా ఫ్రిజ్‌లో ఓ మూల పెట్టండి. సాంబారు వాసనను అది బాగానే పీలుస్తుంది. పది పదిహేను రోజులకోసారి మార్చాలి.